ఆకలికి ధ్రువపత్రం

మా ఆఫీసులో ఆకలేసినవాళ్ళు ఒక రోజు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఈ మాట మా ఇంట్లో చెబితే మా ఆవిడ నమ్మలేదు. ఉత్తర్వు కాగితం పట్టుకెళ్ళి చూపించాక నమ్మింది కానీ, నేను ఏ ఆఫీసులో పనిచేస్తున్నానో మరోసారి అడిగి తెలుసుకుంది.

విజయనగరం దాటి పార్వతీపురం రోడ్డు మీద కొంచెం దూరం వెళ్తే, జీడితోటల పక్కన మా సంస్థ ఉంటుంది. పేరు ప్రాంతీయ ఉదర విజ్ఞాన పరిశోధనా సంస్థ. అంత పేరు నోరు తిరక్క బస్సు కండక్టర్లు "పొట్టాఫీసోళ్ళు దిగండి" అంటారు. మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. నా పేరు లెంక సింహాద్రి. అక్కడ టెక్నీషియన్ని. గాజు పలకల మీద ఉల్లిపొర కన్నా పల్చటి మాంసం పొరలు అతికించి, రంగులద్ది, కడిగి, ఆరబెట్టడం నా పని. ఇరవై ఏళ్ళ నుంచి పొట్టలూ పేగులూ చూస్తున్నాను గనక నాకు మనుషుల మొహాలు అంతగా గుర్తుండవు.

ఈ గొడవంతా ఒక సీసాతో మొదలైంది.

మా డాక్టర్ విశాల మేడం అంతకు ఎనిమిది నెలల ముందు ఒక యాంటీబాడీకి ఆర్డరు పెట్టింది. ముసలి ఎలుకలు వయసులో ఉన్న ఎలుకల కన్నా తక్కువ తింటాయి. ఎందుకని ఆవిడ ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని మూడేళ్ళుగా తిరుగుతోంది. ఎనిమిది నెలలు ఎదురుచూశాక పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో థర్మోకోల్ పెట్టె, అందులో ఐసు, ఆ ఐసు మధ్యలో చిటికెన వేలి గోరంత సీసా. సీసాలో రెండు చుక్కలు.

"ఇంతేనా మేడం?" అన్నాను.

"ఇదే ఎక్కువ సింహాద్రి గారూ. నీళ్ళలాంటి మందులో కలిపి అయిదొందల వంతుకి పల్చన చేసి వాడతాం," అందావిడ, పసిబిడ్డని చూసినట్టు చూస్తూ. "కడుపు ఖాళీ అయితే ఒక కబురు పంపిస్తుంది. అది హార్మోను. ఆ కబురు అందుకోడానికి కొన్ని కణాల మీద గొళ్ళేల్లాంటివి ఉంటాయి. వాటినే రిసెప్టర్లంటాం. మామూలుగా అవి కనపడవు. ఈ యాంటీబాడీ వెతుక్కుంటూ వెళ్ళి ఆ గొళ్ళేన్ని మాత్రమే పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమరంగు తేలేలా చేస్తాం. అంతే."

"అంటే ఆకలిని పట్టేస్తుందన్నమాట."

"ఆకలిని కాదండీ. గొళ్ళేన్ని. తలుపుకి గొళ్ళెం ఉన్నంత మాత్రాన బయట ఎవరో వచ్చి నిలబడ్డట్టు కాదు కదా."

నాకు అర్థమైంది. కానీ ఆ సమయానికి మా గది గుమ్మంలో పరిపాలనాధికారి కోదండపాణి గారు సంతకం కోసం నిలబడి ఉన్నారు. ఆయనకి మొదటి వాక్యం వినపడింది, రెండోది వినపడలేదు.

అదే వారం మా డైరెక్టరు డాక్టర్ త్రివిక్రమం గారు శిక్షణ నుంచి తిరిగొచ్చారు. మూడు రోజుల శిక్షణ. విషయం "ఆధార సహిత పరిపాలన". వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చాక మాత్రం ఏం చెప్పినా "ఆధారం?" అని అడగడం మొదలుపెట్టారు. బయట వాన పడుతోంది సార్ అని అటెండరు చెబితే ఆధారం అడిగారు. అతను వెళ్ళి తడిసి వచ్చి నిలబడ్డాడు. "ఇది నీళ్ళు అనడానికి ఆధారం. వాన అనడానికి?" అన్నారు. అప్పుడు అతని చేత చెయ్యి కిటికీలోంచి బయట పెట్టించి, తాను చూసి, సంతృప్తి పడ్డారు.

మర్నాడు పొద్దున్న పదకొండు గంటలకి ఆయన క్యాంటీన్లోకి వచ్చారు. పైడమ్మ వేడి వేడి పెసరట్లు వేస్తోంది. పద్నాలుగేళ్ళుగా మా క్యాంటీను ఆవిడదే. ఆవిడా, మరో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి నడుపుతున్నారు. మేము ఇరవై ఆరు మందిమి పళ్ళేలు పట్టుకుని ఉన్నాం.

"ఏమిటిదంతా?" అన్నారు డైరెక్టరు గారు.

"ఆకలేసి వచ్చాం సార్," అన్నాను, ముందు నిలబడ్డ పాపానికి.

"ఆధారం?"

ఇరవై ఆరు మందిలో ఒక్కరి దగ్గరా ఆధారం లేదు. పెసరట్టు చల్లారిపోతోంది. అప్పుడు కోదండపాణి గారు డైరెక్టరు గారి చెవి దగ్గరికి వంగి, "ఆకలిని నిర్ధారించు ద్రవము ఒకటి మన సంస్థ యందే కలదు సార్," అన్నారు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చేసింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, తమకు ఆకలి కలిగినదని భావించు ఉద్యోగులు సదరు ఆకలిని ఒక పనిదినము ముందుగా నిర్ణీత ఫారము నందు నివేదించి, బుభుక్షా నిర్ధారణ సంఘము వారిచే ధ్రువీకరింపబడిన పిమ్మట మాత్రమే భోజనశాల యందు ప్రవేశింపవలెను. ధ్రువీకరింపబడని ఆకలి, ఆకలిగా పరిగణింపబడదు."

ఫారం రెండు పేజీలు. ఆకలి ప్రారంభమైన తేదీ, సమయం. ఆకలి స్వభావం: తాత్కాలికమా, శాశ్వతమా. ఇంతకు పూర్వం ఎప్పుడైనా ఆకలి వేసి ఉన్నచో ఆ వివరాలు. దరఖాస్తుదారుకి ఆకలిగా ఉన్నదని ఎరిగిన ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షులు రక్తసంబంధీకులు కారాదు.

విశాల మేడం పరుగెత్తుకుంటూ డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. సీసా భద్రంగా పట్టుకురమ్మని నన్నూ తీసుకెళ్ళింది.

"సార్, అది ఆకలిని చూపించదు. పైగా పరీక్ష చెయ్యాలంటే పొట్ట లోపలి నుంచి ముక్క కొయ్యాలి."

"కొయ్యండి," అన్నారు డైరెక్టరు గారు.

"మనుషుల్ని సార్!"

డైరెక్టరు గారు కాసేపు ఆలోచించారు. ఆయన దుర్మార్గుడు కాదు. "పోనీ, నొప్పి లేకుండా ఏం తీసుకోవచ్చు?"

"బుగ్గ లోపల గీకితే కణాలొస్తాయి. కానీ అక్కడ ఆ గొళ్ళేలు ఉండవు."

"బుగ్గ అంటే నోరే కదా. నోరంటే తిండే కదా. చాలు," అన్నారాయన. కోదండపాణి గారు "బుగ్గ" అని రాసుకున్నారు.

ఇంకొక చిక్కుంది. ఈ పరీక్ష పూట భోజనంలా అప్పటికప్పుడు అయ్యేది కాదు. యాంటీబాడీ వేసి ఒక రాత్రంతా చల్లటి పెట్టెలో ఉంచాలి. కడగాలి, రంగు వెయ్యాలి, మళ్ళీ కడగాలి. ఇవాళ గీకిన బుగ్గకి రేపు మధ్యాహ్నం ఫలితం వస్తుంది. అంటే నిన్నటి ఆకలికి ఇవాళ భోజనం. సోమవారం ఎవరికీ ఆకలి వెయ్యడానికి వీల్లేదు, ఎందుకంటే ఆదివారం సెలవు.

బయటికొచ్చాక విశాల మేడం నవ్వింది. "ఒక రకంగా మంచిదే సింహాద్రి గారూ. ఎవరికీ రంగు రాదు. ఒక్క రోజులో ఈ పిచ్చి వదిలిపోతుంది. కొంచెం మందు పోతే పోనివ్వండి."

ఆవిడ చెప్పినట్టే జరిగింది. ముప్పై ఎనిమిది పలకలు. ఒక్కదాని మీదా గోధుమరంగు చుక్క లేదు. అన్నీ తెల్లగా, అరిటాకులు వెయ్యని భోజనాల బంతిలా ఉన్నాయి. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

పిచ్చి మాత్రం వదల్లేదు. మూడో రోజు డైరెక్టరు గారు మమ్మల్నందర్నీ హాల్లోకి పిలిచారు.

"మిత్రులారా! వరుసగా మూడు రోజులు, ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా ఆకలి లేదని శాస్త్రీయంగా రుజువైంది. ఏ ప్రభుత్వమూ సాధించలేనిది మనం సాధించాం. ఈ ప్రాంగణంలో ఆకలిని నిర్మూలించాం!"

చప్పట్లు కొట్టాం. నీరసంగా కొట్టాం, ఎందుకంటే మూడు రోజులుగా మధ్యాహ్నం తిండి లేదు.

ఆ తర్వాత బతుకు దొంగ బతుకైపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిను డబ్బాల్ని కోదండపాణి గారు గేటు దగ్గరే పట్టుకుని "అనధికార ఆకలి" అని చీటీ అంటించి లోపల పెట్టించారు. మా వాళ్ళు స్కూటర్ డిక్కీల్లో తలలు దూర్చి ఉప్మా తిన్నారు. లైబ్రేరియన్ గారు అజీర్ణ వ్యాధుల బీరువా వెనక నిలబడి జంతికలు నమిలేవారు. చప్పుడు వినపడకుండా ఒక్కో జంతికనీ నోట్లో నానబెట్టుకుని తినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

అంత వరకూ నవ్వుకోడానికి బాగానే ఉంది. శుక్రవారం నాడు పైడమ్మకి నోటీసు ఇచ్చారు. "ఆకలి లేని ప్రాంగణమందు భోజనశాల నిరుపయోగమైనందున" వారంలోగా ఖాళీ చెయ్యాలట.

నేను వెళ్ళేసరికి పైడమ్మ పెద్ద గంగాళం బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు ఆడవాళ్ళూ గరిటెలు గోనెసంచిలో వేస్తున్నారు.

"పద్నాలుగేళ్ళు వండీసినాను బావూ," అంది. "బాగా నేదని ఎల్లగొడితే ఊరుకుందును. ఎవులికీ ఆకలే నేదంట! ఇదేటి మాట? మొన్న నువ్వు పప్పులో గరిటి సప్పరించీనావా నేదా?"

"చప్పరించాను," అన్నాను.

"ఆ రంగేదో నువ్వే కదేటి ఏసేది?"

"నేనే."

"మరి కూసింత ఎక్కువెయ్యలేవేటి? పులుసులో ఉప్పు సాలకపోతే ఏత్తామా, ఏయమా?"

ఆ మాట నా వెంటే ల్యాబులోకి వచ్చింది. ఇరవై ఏళ్ళలో నేను కొలత తప్పలేదు. చుక్కలో పదో వంతు తేడా వచ్చినా పారబోసి మళ్ళీ కలిపే మనిషిని. ఆ రోజు మాత్రం పదిరెట్లు వేశాను. యాంటీబాడీ మరీ చిక్కగా వేస్తే గొళ్ళేన్నే పట్టుకోవాలన్న బుద్ధి దానికి ఉండదు. చేతికి దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది. అది నాకు బాగా తెలుసు. తెలిసే వేశాను. వేశాక అలవాటు కొద్దీ నోట్‌బుక్కు తీసి తేదీ, సమయం, "పదిరెట్లు" అని రాసి సంతకం కూడా పెట్టాను. తప్పు చెయ్యగలిగాను గానీ తప్పుగా రాయలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది పలకలూ కాఫీ ఒలికినట్టు గోధుమరంగు తిరిగాయి.

"అందరికీనా?" అన్నారు డైరెక్టరు గారు.

"అందరికీ సార్. తమకి కూడా."

"నాకు ఆకలేస్తోందా!" అన్నారాయన, ఆశ్చర్యంగా పొట్ట మీద చెయ్యి వేసుకుని. అరగంట క్రితమే ఇంటి దగ్గర భోంచేసి వచ్చారు. అయినా ఆధారాన్ని కాదనలేరు కదా. క్యాంటీన్లోకి వెళ్ళి రెండు పూటల భోజనం తిన్నారు. ఆయాసపడుతూ, "మన ఒంటి మాట మనం నమ్మకూడదయ్యా," అన్నారు నాతో.

పైడమ్మ నోటీసు రద్దయింది. అందరికీ నెల రోజులు చెల్లే ధ్రువపత్రాలు ఇచ్చారు, మెళ్ళో వేసుకునే బిళ్ళలతో సహా. నా బిళ్ళ మీద "లెంక సింహాద్రి, ఆకలిగొన్నవాడు" అని ఉంది. దాన్ని తియ్యడం మర్చిపోయి ఊళ్ళోకి వెళ్తే ఒక పెద్దాయన నాకు అరటిపండు కొనిపెట్టాడు.

కానీ విశాల మేడం మొహం చిట్లించింది. "నిన్నటి దాకా ఒక్కరికీ రాని రంగు ఇవాళ ఒక్కసారిగా అందరికీ ఎలా వచ్చింది?" అంది. నేను సింకులో పలకలు కడుగుతూ తల ఎత్తలేదు. ఆవిడ క్యాంటీన్ నుంచి ఒక బంగాళాదుంప తెచ్చి, పల్చగా పొర కోసి, ఉడకబెట్టి, మిగిలిన మందే దాని మీద వేసింది. సోమవారానికి అదీ గోధుమరంగు తిరిగింది. ఆవిడ ఆ పలక పట్టుకుని సంఘం సమావేశానికి వెళ్ళింది.

"చూడండి సార్. బంగాళాదుంపకి కూడా ఆకలేస్తోందట. అంటే ఈ పరీక్షలో ఏదో తప్పుంది."

డైరెక్టరు గారు పలకని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు.

"పాపం," అన్నారు.

"సార్, బంగాళాదుంపకి పొట్ట ఉండదు!"

"పొట్ట లేనివారికి ఆకలి ఉండదని ఏ జీవో నందున్నది?" అన్నారు కోదండపాణి గారు. "పైగా ఒకే ద్రవము, ఒకే విధానము. ఉద్యోగులకు చెల్లినది దుంపకు చెల్లదనుట వివక్ష అగును."

తీర్మానం రాశారు. ఇకపై ఆకలితో ఉన్న ఏ కూరగాయనూ వండరాదు. ముందు దాని ఆకలి తీర్చి, తర్వాత తరగాలి. ఒక్కో గంపకి వంద గ్రాముల అన్నం మంజూరైంది. పర్యవేక్షణ కోదండపాణి గారిది.

ఆ రోజు క్యాంటీన్లో దుంపల గంప ముందు ఆకు వేసి అన్నం వడ్డించారు. పావుగంట చూశారు.

"భుజించినవా?" అని అడిగారు కోదండపాణి గారు.

"నేదు బావూ. ఒద్దన్నాయి," అంది పైడమ్మ, నవ్వు ఆపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకుంటూ.

"రాతపూర్వకముగానా?"

"దుంపలకి సదువేటి బావూ! నిశానీ ఏయించుకోండి."

దుంప కొసని సిరాలో ముంచి అద్ది, నిశానీ వేయించుకున్నారు. అది ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఆ సాయంత్రం విశాల మేడం నా నోట్‌బుక్కు తెరిచింది.

నేను గదిలో అవతలి పక్క నిలబడి ఉన్నాను. ఆవిడ వేలు ఆ పేజీ మీద ఆగిపోవడం కనపడింది.

"పదిరెట్లా?"

"అవును మేడం."

"సీసాలో ఇంకెంత ఉంది?"

"అడుగున తడి ఉంది. అంతే."

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, ఆ ఖాళీ సీసా చేతిలోకి తీసుకుని, దాని మీద కట్టిన మంచుని బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయింది. "ముసలి ఎలుకలు పదహారు సింహాద్రి గారూ," అంది చివరికి. "రెండేళ్ళు పెంచాను. ఇంకో సీసా వచ్చేసరికి అవి ఉండవు."

నేను పైడమ్మ సంగతి చెప్పాను. నోటీసు సంగతి చెప్పాను. పులుసులో ఉప్పు మాట కూడా చెప్పాను. ఆవిడ వింది. "నాతో చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసేవాళ్ళం కదా," అంది. ఆ మాట మెమో కన్నా గట్టిగా తగిలింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మెళ్ళో బిళ్ళ మాత్రం ఆకలి అనే అంటోంది.

ఆ తర్వాతి బుధవారం శాఖ కార్యదర్శి నిరంజన్ గారు మా ఘనకార్యం చూడ్డానికి వచ్చారు. మేళతాళాలు, పూలదండలు. గుమ్మం దగ్గరే డైరెక్టరు గారు పథకమంతా వివరించారు. కార్యదర్శి గారు మెచ్చుకుని, ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, "నియమం అంటే అందరికీ నియమమే. నా బుగ్గ కూడా గీకండి. ధ్రువపత్రం వచ్చాకే నేను భోంచేస్తాను," అన్నారు.

పెద్దగా చప్పట్లు మోగాయి. నేనే గీకాను. ఫలితం రేపు వస్తుందన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పన్నెండున్నరకి డైరెక్టరు గారి ఉపన్యాసం మొదలైంది. ఒంటిగంటన్నరకి తెర మీద నలభయ్యో చిత్రం నడుస్తోంది. వేదిక మీద కార్యదర్శి గారు మొదట గడియారం చూశారు, తర్వాత తలుపు చూశారు, తర్వాత తన ముందున్న పూలదండని చూశారు. దాన్ని చూసే చూపులో తేడా ఉంది. క్యాంటీన్ వైపు నుంచి గుమ్మడికాయ పులుసు వాసన ఫ్యాన్ గాలికి తేలుతూ వచ్చింది.

అప్పుడు హాలు నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి ఒక ఉరుము వినపడింది. సన్నగా మొదలై, మెలికలు తిరిగి, ఎద్దు రంకెలా లేచి, కీచుమని ఆగింది. కార్యదర్శి గారి కాలరుకి మైకు పెట్టి ఉంది.

అందరం ఆయన పొట్ట వైపు చూశాం.

"నాకు," అన్నారాయన నెమ్మదిగా, "ఆకలేస్తోంది."

"ధ్వని ఆధారముగా ఆకలిని నిర్ధారించు నిబంధన లేదు సార్," అన్నారు కోదండపాణి గారు లేచి నిలబడి.

"అయితే ఆ పరీక్ష ఏం చెప్పింది? నాకు ఆకలేస్తోందా, లేదా?"

"రేపు మధ్యాహ్నం పన్నెండింటికి కచ్చితంగా చెప్పగలం సార్," అన్నారు డైరెక్టరు గారు గర్వంగా.

స్పీకర్లలో రెండో ఉరుము వినపడింది. ఇది మొదటిదాని కన్నా పెద్దది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు కొంచెం వెనక్కి జరిగారు.

నేను లేచాను. ఎందుకు లేచానో నాకిప్పటికీ తెలీదు. నోట్‌బుక్కు నా చేతిలోనే ఉంది. "సార్, రేపు కూడా చెప్పలేం," అన్నాను. "సీసా ఖాళీ. మందు పదిరెట్లు పోసి అందరికీ ఆకలి తెప్పించింది నేనే. ఇదిగో, రాసి సంతకం పెట్టాను. దుంపకి ఆకలేసింది కూడా దానివల్లే."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కార్యదర్శి గారు అయోమయంగా చూశారు. "అంటే వీళ్ళెవరికీ ఆకలి లేదా?"

విశాల మేడం లేచి నా పక్కన నిలబడింది. "ఉంది సార్. మొదటి రోజు నుంచీ ఉంది. ఆ సీసాకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అది గొళ్ళేల్ని చూపించే మందు. దాన్ని మనుషుల మీద వాడకూడదని సీసా మీదే రాసి ఉంది."

"చదివారా?" అన్నారు కార్యదర్శి గారు డైరెక్టరు గారితో.

"అక్షరాలు చాలా చిన్నవి సార్," అన్నారు డైరెక్టరు గారు.

ఆ మాటల మధ్యలోనే పక్క తలుపు తోసుకుని పైడమ్మ వచ్చింది. చేతిలో పళ్ళెం. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, వడియాలు, పక్కన గడ్డపెరుగు. కోదండపాణి గారు అడ్డం వెళ్ళబోతే, "తప్పుకో బావూ, ఒలికిపోద్ది," అని పక్కకి జరిపి, తిన్నగా వేదిక ఎక్కి పళ్ళెం కార్యదర్శి గారి ముందు పెట్టింది. "మాటలాపి రెండు ముద్దలు తినండి బావూ. ఆ ఉరుములకి మా పొయ్యి కాడ పిల్లి కూడా పారిపోనాది."

కార్యదర్శి గారు ఒక్కసారి ఫోటోగ్రాఫరు వైపు చూశారు. అతను కెమెరా దించి ఉన్నాడు, ఎందుకంటే పైడమ్మ వెనకాలే వచ్చిన ఆవిడ అతని చేతిలో కూడా పళ్ళెం పెట్టింది. కార్యదర్శి గారు చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టారు. మైకు కాలరుకే ఉంది. ఆయన వడియం కొరికిన చప్పుడు, పులుసు జుర్రిన చప్పుడు, చివర్న తేన్చిన చప్పుడు హాలంతా స్పష్టంగా విన్నాం. మాలో సగం మందికి నోరూరింది.

వారం తిరక్కుండా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బుభుక్షా నిర్ధారణ సంఘాన్ని రద్దు చేశారు. పథకం తప్పని మాత్రం అందులో ఎక్కడా లేదు. "ఆకలి అను విషయము ఈ శాఖ పరిధిలోనిది కానందున" రద్దు చేశారట. సంబంధిత కాగితాలన్నీ తిండిగింజల శాఖకి బదిలీ చెయ్యమన్నారు.

నాకు "అధిక గాఢత" కింద మెమో ఇచ్చారు. తీసుకున్నాను. విశాల మేడం పది రోజులు నాతో పొడి పొడిగా మాట్లాడింది. పదకొండో రోజు కొత్త సీసాకి ఆర్డరు కాగితం నా ముందు పెట్టి, "మీ చేత్తోనే రాయండి," అంది. రాశాను. ఆ పదహారు ఎలుకల్లో పద్నాలుగు ఆ చలికాలంలోనే పోయాయి. మళ్ళీ చిన్న ఎలుకల్ని తెచ్చాం. వాటికి రోజూ నేనే మేత పెడుతున్నాను. అవి ముసలివయ్యేసరికి నేను రిటైరవుతాను. ఒక ఆర్నెల్లు అదనంగా ఉండనిస్తారేమో అడగాలి.

బదిలీ అయిన కాగితాలు చూసుకుని తిండిగింజల శాఖవాళ్ళు మొన్న ఉత్తరం రాశారు. "మీ సంస్థ యందు ప్రస్తుతము నిల్వయున్న ఆకలి ఎన్ని క్వింటాళ్ళో తిరుగు టపాలో తెలుపగలరు."

డైరెక్టరు గారు విశాల మేడంనీ నన్నూ పిలిచారు. ఆ బుధవారం తర్వాత ఆయన కొంచెం తగ్గారు. క్యాంటీన్లో అందరితో పాటు వరసలో నిలబడుతున్నారు.

"ఎన్ని క్వింటాళ్ళని రాద్దాం?" అన్నారు.

విశాల మేడం ఆ కాగితం తీసుకుని, ఖాళీ గడిలో "తెలియదు" అని రాసింది.

డైరెక్టరు గారు ఆ మాట వంక చాలాసేపు చూశారు. "తెలియదు అంటే పరువు పోదూ?"

"తెలీకే కదండీ సార్, పరిశోధన చేసుకోమని మనల్ని ఇక్కడ కూర్చోబెట్టారు," అందావిడ.

ఆయన కలం తీశారు, మూత పెట్టారు, మళ్ళీ తీశారు. సంతకం పెట్టేశారు. పెట్టి, వేడి వస్తువు వదిలించుకున్నట్టు కాగితాన్ని కోదండపాణి గారి వైపు తోశారు.

"దీనిని ఏ ఫైలు నందు ఉంచవలెను సార్?" అన్నారు కోదండపాణి గారు.

"ఫలితాల ఫైల్లో పెట్టండి."

కోదండపాణి గారు బీరువా దగ్గరికి వెళ్ళారు. పై అర చూశారు, కింది అర చూశారు. మోకాళ్ళ మీద కూర్చుని అడుగు అర కూడా చూశారు. లేచి, ధూళి దులుపుకుని, మొట్టమొదటిసారి మామూలు తెలుగులో మాట్లాడారు.

"ఫలితాలకి ఇంతవరకు ఫైలే లేదు సార్. కొత్తది కుట్టాలి."

"కుట్టండి," అన్నారు డైరెక్టరు గారు.